నూలు గుడ్డ

పొద్దంత స్టేషన్ రోడ్ల
పురుగుమందు అమ్ముత.
పొద్దుగూకినంక కొత్తవాడ డాబా మీద
పురుగుల కోసం దీపం పెడుత.
నవ్వేటోళ్ళు నవ్వుకుంటరు.
నాకు ఈ రెండు పనుల నడుమ
ఒక స్నానమే అడ్డం.
చేతులు రెండుసార్లు సబ్బు పెట్టి కడుగుత,
మందు వాసన ఉంటె అవి రావని
నేను అనుకునుడే, ఏ పుస్తకంల లేదు.

మొదలు కంపెనీ ఫ్లెక్సీనే తిరగేసి కట్టిన.
ముందటి దిక్కు పచ్చటి చేను, నవ్వే రైతు, డబ్బా,
వెనుక దిక్కు ఉత్త తెలుపు.
ఎల్ఈడీలు వచ్చినంక మున్సిపాల్టోళ్ళు పీకేసిన
పాదరసం బల్బు, పాత సామాన్ల తూకానికి కొన్నది,
చోకు గుర్రుగుర్రుమనుకుంట
ఐదు నిమిషాలకు గాని తెల్లబడదు.
వచ్చినయి. వచ్చి జారినయి.
కాలు ఆనక, మళ్ళ ఎగిరి, మళ్ళ జారి.

పక్క డాబా మీద నులక మంచంల నుంచి
ఆండాలవ్వ చూస్తనే ఉన్నది.
నలభై ఏండ్లు జంపఖానాలు నేసిన మనిషి,
మగ్గం అమ్మేసినంక రాత్రులు నిద్ర లేదు.
"ప్లాస్టిక్ మీద ఎవలు నిలుస్తరు బిడ్డా" అని
పిట్టగోడ మీదికెల్లి ఇంత నూలు గుడ్డ విసిరింది.
గంజి లేనిది, కొంచెం గరుకు.
ఆ రాత్రి నిలబడ్డయి.

నా దగ్గర ఒక జిరాక్సు పుస్తకం, ఒక భూతద్దం,
కంపెనీ ఫ్రీగ ఇచ్చిన డైరీ.
ప్రతి పేజీ కింద ఒక మందు పేరు,
పైన నేను రాసే రెక్కల పేరు.
పుస్తకంల పేర్లకు నోరు తిరగదు.
అవ్వకు పుస్తకం అక్కర లేదు.
"గిది రెండంచుల పట్టీ."
"గీడ పోగు తెగింది సూడు."
"గిది రంగు సరిగ్గ ఎక్కని కండె."
లాటిన్ పక్కన అవి గూడ రాసుకున్న.
తెల్లారి యాదికుండేటివి అవే.

గన్నేరు చెట్టు మీదికెల్లి వచ్చిన పచ్చదాన్ని చూసి
"దీన్ని మాత్రం నెయ్యలేం" అని
చేతులు వెనుకకు తీసుకున్నది.
వీపు మీద పుర్రె బొమ్మ ఉన్నదొకటి, నువ్వు చేన్లది,
ముట్టుకుంటె కీచుమన్నది.
నేను ఉలిక్కిపడ్డ. అవ్వ పడలేదు.
"నోరున్నది దీనికి" అని మెచ్చుకున్నది.
మహదేవపూర్ దిక్కుకెల్లి దసలి పట్టుది
ఒక్కటన్న వస్తదని మూడేండ్ల సంది చూస్తున్న.
రాలేదు. దానికి ఒక పేజీ ఖాళీగ ఉంచిన.
గోడ మీది బల్లి మాత్రం
నాకంటె ముందే అన్నిటినీ గుర్తుపడ్తది.

మే ఇరవై మూడు. గాలి లేదు.
పన్నెండు దాటినంక గూడ డాబా కాలుతనే ఉన్నది.
గుడ్డ కింది మూలకు ఒక్కటి,
బియ్యపు గింజంత, మట్టి రంగు.
భూతద్దం పెట్టిన.
రెక్క మీద నల్లటి మరకలు, అంచుకు సన్నటి కుచ్చు.

డబ్బాల మీద దీని పిల్లను గులాబి రంగుల గీస్తరు,
లావుగ, పండ్లు పెట్టి, రాక్షసి లెక్క.
రెక్కలొచ్చినంక ఎట్లుంటదో ఎవ్వరు గియ్యరు.
పదకొండేండ్లు నేను అమ్మింది దీని మీదికే.
ఎన్ని లీటర్లో, ఎందరి బాకీలో
ఆ లెక్క వేరే పుస్తకంల ఉన్నది.
అండ్ల ఒక పేరు మీద షేటు గీత కొట్టిండు,
బాకీ తీరి కాదు.

చేన్లల్ల పత్తికట్టె గూడ లేదు ఇప్పుడు,
పీకి కాలవెట్టిన్రు.
ఇది నెల ముందుగాల నిద్ర లేచింది.
గుడ్డు పెట్టుకుందామంటె
చుట్టూరంగ ఒక్క మొగ్గ లేదు.
ఎటెటో తిరిగి తిరిగి
ఆండాలవ్వ నూలు మీద కూసున్నది,
దానికి దొరికిన పత్తి అదొక్కటే.

"గంత సేపు చూస్తున్నవ్, ఏంది దాని పేరు?"
"తెల్వదవ్వా" అన్న.
పిట్టగోడ మీదికి వంగి చూసింది.
"ఉత్త పోగు ముక్క."

డైరీల రాసుకున్న:
పోగు ముక్క, ఒకటి.
బల్బు ఆర్పేముందు
బల్లి ఎక్కడున్నదో వెతికిన.